ఉలి చప్పుడు లేని వీడియో

నంద్యాలలో నేను పనిచేసే స్టూడియోలో రెండు క్యాప్చర్ కార్డులు ఉన్నాయి. ఒకటి కొత్తది. అరచేతిలో పట్టే నల్లటి డబ్బీ. ఒక వైపు కెమెరా వైరు గుచ్చాలి, రెండో వైపు కంప్యూటర్ వైరు గుచ్చాలి. రెండోది పాతది. పాత కంప్యూటర్ మూత తీస్తే లోపల కనిపించే పచ్చటి పలక. దాన్ని ఫైర్‌వైర్ కార్డు అంటారు. రెండూ చేసే పని ఒకటే. కెమెరాలో టేపు ఆడుతూ ఉంటే, ఆ దృశ్యాన్ని పట్టి కంప్యూటర్‌లో ఫైలుగా దాచడం. చేసే తీరు మాత్రం వేరు. ఆ తేడా నాకు బాగా తెలుసని అనుకునేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా అని.

స్టూడియో యజమానిని మేమంతా భాయ్ అంటాం. అరవై దాటాయి. చుట్టుపక్కల ఊళ్లలో రెండు తరాల పెళ్లిళ్లు ఆయన కెమెరాలో ఉన్నాయి. హెచ్‌డీ కొత్తగా వచ్చిన రోజుల్లో కెమెరాలు ఇప్పటిలా మెమొరీ కార్డు మీద రికార్డు చేసేవి కావు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే చిన్న టేపు మీద చేసేవి. అలాంటి టేపులు మా స్టూడియో వెనక గదిలో మూడు బీరువాల నిండా ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం రెండేళ్లుగా నా పని. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది. తొందరపెట్టడానికి వీల్లేదు, మధ్యలో ఆపడానికీ వీల్లేదు. కూర్చోవాలి.

నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. టేపు ఏది, నిడివి ఎంత, ఎన్ని ఫ్రేములు పోయాయి, టేపు పరిస్థితి ఏమిటి. నాలుగు గడులు. ఏ గడీ ఖాళీగా ఉండటం నాకు ఇష్టం ఉండదు. భాయ్ దాన్ని చూసి, "మా నాయిన దర్గా ఉర్సుకు వచ్చినోళ్ల పేర్లు గూడా ఇంత బాగ రాయలేదురా ఇంజినీరూ" అని వెక్కిరించేవాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. తలకు కట్టుకున్న తుండుగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటూ నేరుగా భాయ్ ముందుకు పోయింది.

"భాయ్, నేను యాదికుండానా? ఆళ్లగడ్డ. రోడ్డు పక్క విగ్రహాలు చెక్కుతాడే, ఆయన కూతుర్ని."

భాయ్ కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. "అరె, నువ్వా! గౌనేసుకోని రాళ్ల మీద ఎగురుతాంటివి గదా. నాయన ఎట్లుండాడు?"

"బాగలేడు భాయ్. పక్షవాతం కొట్టి ఏడు నెల్లాయ. కుడి చెయ్యి పడిపాయ. మాట గూడా పాయ."

భాయ్ ఒక కుర్చీ ఆమె వైపు జరిపాడు. తర్వాత నన్ను చూసి, "నీళ్లు తేపో" అన్నాడు.

నీళ్లు తాగి ఆమె వచ్చిన పని చెప్పింది. సంజామల వైపు ఒక ఊరి గుడికి వేణుగోపాలస్వామి విగ్రహం. నల్లరాయి. వాళ్ల నాయన ముక్కాలు చెక్కాక మంచాన పడ్డాడు. మిగిలినదంతా ఆమే చేసింది. పాదాలు, పంచె మడతలు, ఆవు, దూడ. ఇప్పుడు మురళి ఒక్కటి మిగిలింది.

మురళి కథ నాకు అప్పుడే తెలిసింది. విగ్రహమంతా ఒకే రాయి కాబట్టి మురళి కూడా అందులో భాగమే. మొదట అది ఛాతీకి అంటుకునే ఉంటుంది. మురళికీ ఒంటికీ మధ్య ఉన్న రాతిని సన్న ఉలితో కొంచెం కొంచెంగా తీసేసి దాన్ని విడిపించాలి. చివరికి వేలెడు మందం రాయి గాలిలో నిలవాలి. రాయి ఇంకా ఉండగానే ఆపితే అది మొద్దుగా కనిపిస్తుంది. ఒక్క దెబ్బ ఎక్కువైతే విరుగుతుంది. విరిగిన విగ్రహానికి పూజ ఉండదు. అతికించినదానికీ ఉండదు. అంత పనీ పోతుంది.

"అన్నీ నేర్పినాడు భాయ్. ఇదొక్కటి ముట్టనీలేదు. 'ఇంగా కాదు పాపా, ఇంగా కాదు' అంటానే ఉండ్య. ఇప్పుడు ఆ ఊరోళ్లు వేరే ఆయప్పకు ఇస్తామంటాండారు. తప్పు లేదులే, ఎన్నాళ్లని చూస్తారు. కానీ అది మా నాయన చేతి విగ్రహం. ఇంగొకరి చేతికి పోతే..." అక్కడ ఆగి గ్లాసు బల్ల మీద పెట్టింది. "నువ్వు కొత్త కెమెరా తెచ్చినప్పుడు మా షెడ్డుకాడికి వచ్చి నాయన పని తీస్తివి గదా. అప్పుడు గూడా మురళే చెక్కుతాండె. ఆ టేపు ఉండాదా?"

భాయ్ లేచి వెనక గదిలోకి పోయాడు. ఆయన టేపుల మీద ఉర్దూలో రాస్తాడు. నాకు చదవడం రాదు కాబట్టి వెతకడం ఆయనకే సాధ్యం. పావుగంట తర్వాత దుమ్ము తుడుచుకుంటూ వచ్చి టేపును నా చేతిలో పెట్టాడు. "పెండ్లి మాదిరి కాదు ఇది. బాగ చెయ్యి."

బాగా చేయాలనే నేను అనుకున్నాను. కెమెరాలో టేపును చదివే తలను శుభ్రం చేశాను. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాను. కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్‌కు తగిలించాను. కొత్త కార్డు గుచ్చి, సాఫ్ట్‌వేర్‌లో మేము ఎప్పుడూ వాడే సెట్టింగే తెరిచాను. దాని పేరు 'పెళ్లి'.

ఆ సెట్టింగు గురించి చెప్పాలి. మా ఊరి వైపు పెళ్లి వీడియోలో ఎవరికీ పెళ్లి శబ్దం అక్కర్లేదు. జనరేటర్ మోత, వంటవాళ్ల కేకలు, మైకు కీచుమనడం, ఎవరి పిల్లో ఏడవడం. అందుకని భాయ్ మొదటి నుంచీ ఒక పద్ధతి పెట్టాడు. తాళి కట్టేటప్పుడు తప్ప శబ్దం ఎక్కించకూడదు. దృశ్యం మాత్రమే తీసుకుని పైన పాటలు వేయాలి. కాబట్టి ఆ సెట్టింగులో ఆడియో అనే గడికి ఎప్పుడూ టిక్కు ఉండదు. నేను స్టూడియోలో చేరిన రోజు ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. తర్వాత దాని వైపు చూసే పని నాకు పడలేదు.

గంట కూర్చున్నాను. తెర మీద ఒక మనిషి కింద కూర్చుని రాతి మీదికి వంగి ఉన్నాడు. చొక్కా లేదు. మోచేతుల దాకా బూడిదరంగు దుమ్ము. వెయ్యిన్ని ఎనభై గీతల దృశ్యం, భాయ్ చేతి వణుకు కూడా లేదు. ఉలి మొన దగ్గర ఎగిరే రాతిపొడి కూడా విడివిడిగా కనిపిస్తోంది. ఒక్క ఫ్రేము కూడా పోలేదు. తర్వాత రెండు రోజులు దాని మీద పని చేశాను. అంచుల్లో దువ్వెన పళ్లలా కనిపించే గీతలు తీసేశాను. ఎండకు తెల్లబడిన చోట రంగు సరిచేశాను. ఉలి ఏ వాలులో పట్టాడో ఆమెకు తెలియాలని ముఖ్యమైన చోట్ల వేగం సగానికి తగ్గించి, దగ్గరికి లాగి చూపించాను. చివరికి భాయ్ వచ్చి చూశాడు.

"బ్రహ్మాండం. కానీ ఏందిరా, మ్యూజిక్ లేకుంటే శవం లేచిన ఇల్లు మాదిరి ఉండాది. ఏమన్నా వెయ్యి."

వీణ ముక్క ఒకటి వేశాను. అందంగా ఉంది.

టేపు కెమెరాలోనే ఉండిపోయింది. మరునాడు దాన్ని బయటికి తీద్దామని బటన్ నొక్కితే మూత తెరుచుకుంది గానీ టేపు రాలేదు. లోపల రబ్బరు చక్రానికి చుట్టుకుపోయింది. సన్న పట్టకారుతో మెల్లగా విడిపించేసరికి ఒక జాన పొడవున నలిగింది. నా నోటుబుక్కులో నాలుగో గడిలో ఇలా రాశాను: "టేపు నలిగింది. ఫైలు ఉంది కాబట్టి పర్వాలేదు."

వారం తర్వాత అక్క వచ్చింది. అప్పటికే నేను ఆమెను అక్కా అని పిలుస్తున్నాను. పెద్ద మానిటర్ ముందు కూర్చోబెట్టి వీడియో వేశాను. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి చూసింది. నేను తెర కంటే ఆమె ముఖమే ఎక్కువ చూశాను. మెచ్చుకోలు ఎక్కడ మొదలవుతుందా అని.

"తమ్ముడూ, ఆ పాట తీసెయ్యి."

తీశాను.

"ఇప్పుడు సౌండు పెంచు."

"సౌండు లేదక్కా."

"లేదంటే?"

"ఎక్కించలేదు. దృశ్యం ఒక్కటే. మేం ఎప్పుడూ అట్లే చేస్తాం." ఆమె ఇంకా నన్నే చూస్తోంది. నేను తెర వైపు వేలు చూపించాను. "ఇది చూడక్కా. ఉలి ఎంత వాలుగా పట్టుకున్నాడో. ఇంత స్పష్టంగా..."

"ఉలి ఎట్ల పట్టుకోవాలో నాకు పదేండ్లప్పుడే తెలుసప్పా." గొంతు పెంచలేదు. "కండ్లతో చూసేది కాదు ఇది. యాడ ఆపాలనేది రాయి చెప్తాది. వినాల."

నాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది. బల్ల మీద నేను తాగి పెట్టిన స్టీలు గ్లాసు, ఆమెకిచ్చిన నీళ్ల గ్లాసు ఉన్నాయి. బండి తాళం చెవి తీసుకుని నీళ్లున్న గ్లాసు మీద కొట్టింది. తర్వాత ఖాళీ గ్లాసు మీద.

"ఎనక రాయి నిండుగా ఉంటే ఇట్ల పలుకుతాది. రాయి తగ్గేకొద్దీ ఇట్ల మోగుతాది. ఇవి రెండూ నాకు తెలుసు. మూడోది ఒకటుండాది. అది మోగదు. ఎవరో గొంతు పట్టుకున్న మాదిరి పలుకుతాదంట. అప్పుడు ఉలి ఎత్తేయాల. ఇంగ రుద్దుడే. ఆ మూడోది మా నాయన చెవిలోనే ఉండాది, నాకు ఇయ్యలా."

నేను చేసిన పనుల జాబితా అంతా నా కళ్ల ముందు తిరిగింది. గీతలు తీయడం, రంగు సరిచేయడం, వేగం తగ్గించడం, వీణ. ఆమె అడిగింది ఒక్కటే. దాన్నే నేను వదిలేశాను. టేపు నలిగిన సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. నోటుబుక్కులో రాసుకున్న వాక్యాన్ని మాత్రం చెప్పలేకపోయాను.

ఆమె తిట్టలేదు. తుండుగుడ్డ తలకు కట్టుకోవడం మొదలుపెట్టింది. అది చూడటం తిట్టు కంటే కష్టంగా ఉంది.

భాయ్ అంతా వింటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "కూచోమ్మా," అన్నాడు. "వీడిది కాదు తప్పు. సౌండు తీసెయ్యమని ముప్పై ఏండ్ల నుంచి అందరికీ నేర్పింది నేను." తర్వాత నా వైపు తిరిగి, "ఏమి ఇంజినీరు సాబ్, అట్లనే నిలబడతావా? టేపు నలిగింది, చావలేదు గదా. స్క్రూడ్రైవర్ తే" అన్నాడు.

టేపు పెట్టెకు అయిదు స్క్రూలు. ఆవగింజ కంటే కాస్త పెద్దవి. భాయ్ కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని వాటిని విప్పాడు. లోపలి చక్రాలను ఖాళీ పెట్టెలోకి మార్చాం. నలిగిన జాన ముక్కను మెత్తటి గుడ్డ మీద పరిచి, ఆయన గోరు తగలకుండా వేలి కండతో నిమిరాడు. మూలన చచ్చిపడిన మరో కెమెరా నుంచి రబ్బరు చక్రం తీసి దీనికి వేశాడు. ఆ పనికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన పెళ్లి పనులేవీ ముట్టలేదు.

ఈసారి పాత కార్డు వాడదామన్నాను. కారణం ఉంది. కొత్త కార్డు కెమెరా చూపించిన దృశ్యాన్ని మళ్లీ తన పద్ధతిలో రాసుకుంటుంది. ఏది కావాలో ఏది వద్దో మనం చెప్పవచ్చు. ఫైర్‌వైర్ కార్డు అలా కాదు. టేపు మీద ఉన్న అంకెలను ఉన్నవి ఉన్నట్టే మోసుకొస్తుంది. ఈ రకం హెచ్‌డీ టేపులో దృశ్యం, శబ్దం ఒకే ప్రవాహంలో కలిసి ఉంటాయి. శబ్దం వద్దని దానికి చెప్పడానికి గడి కూడా లేదు.

అక్క పక్కనే కూర్చుంటానంది. ఒకే తీగకు రెండు హెడ్‌ఫోన్లు కలిపి ఇద్దరం చెవులకు తగిలించుకున్నాం. టేపు మొదలైంది.

మొదట లారీ హారన్లు. ఆళ్లగడ్డ షెడ్లు హైవే పక్కనే కదా. తర్వాత ఉలి. టక్, టక్, టక్. ఎవరో దగ్గారు. ఎక్కడో గిన్నె కిందపడింది. తర్వాత ఒక మగ గొంతు, నిదానంగా, కొంచెం గరుకుగా:

"భాయ్, ఎండలో నిలబడొద్దు. ఇట్ల నీడకు రా. విగ్రహం యాడికీ పోదులే."

అక్క చటుక్కున హెడ్‌ఫోన్ తీసేసింది. ఆమె వచ్చింది ఉలి చప్పుడు కోసం. దాని వెంట ఈ గొంతు వస్తుందని ఆమె గాని నేను గాని ముందే అనుకోలేదు. ఏడు నెలల నుంచి ఆ ఇంట్లో వినపడని గొంతు. నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపొద్దు. టేపు పాడైతాది."

కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒక నిమిషం తర్వాత మళ్లీ పెట్టుకుంది. ఆ తర్వాత ఒక చిన్నపిల్ల గొంతు వచ్చింది. "నాయనా, అయిపాయనా?" "ఇంగా ల్యా పాపా. కూచో, విను." అప్పుడామె ముఖం నిండా నవ్వింది. కళ్లు మాత్రం తుడుచుకోలేదు.

నలిగిన చోట దృశ్యం నిలిచిపోయింది, శబ్దం తెగింది. మళ్లీ అతుక్కుంది. మళ్లీ తెగింది. అలా నాలుగు చోట్ల, ఒక్కోటి అర సెకను పైన. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి బయటపడింది. ఆ కెమెరాల్లో మైకు తనంతట తానే శబ్దాన్ని సరిచేస్తుంది. గట్టిదాన్ని తగ్గిస్తుంది, మెల్లదాన్ని పెంచుతుంది. మురళి సన్నబడేకొద్దీ ఆయన మెల్లగా కొడుతున్నాడు. మైకేమో దాన్ని పెంచుకుంటూ పోయింది. నిండు రాయి, సన్న రాయి దాదాపు ఒకేలా వినపడ్డాయి. కంప్యూటర్‌లో ఆ దెబ్బలను గీతలుగా చూశాను. అన్నీ ఒకే ఎత్తు.

"యాడో ఉండాది," అంది అక్క, మూడోసారి విన్నాక. "ఈడనే యాడో ఉండాది. కానీ ఇదా, ఆ ముందరిదా... తెల్దు తమ్ముడూ. తప్పుగా పట్టుకుంటే విగ్రహం పోతాది."

"మీ నాయనకు వినిపిస్తే?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు షెడ్డులో నేను ఉలి ముట్టినా. లోపల పండుకోని ఆ సప్పుడు విని ఏడ్చినాడు. చిన్నపిల్లోని మాదిరి. అప్పటి నుంచి మా యమ్మ ఆ పక్క తలుపు మూసేసింది. నేను పనిచేసేది గూడా షెడ్డు ఆ కొసకు పోయి. ఏడు నెల్లు ఆయనకు మా ఉలి సప్పుడు వినపడకుండా కాపాడుకొస్తిమి. ఇప్పుడు నేనే తీసకపోయి చెవిలో పెట్టేదా?"

భాయ్ టీ చప్పరిస్తూ అన్నాడు: "ఏడిస్తే ఏడుస్తాడు. నన్ను కెమెరా ముట్టొద్దని మా ఇంట్లో తలుపేస్తే నేనూ ఏడుస్తా. ఎందుకేడ్చినాడో అడిగినారా?"

"మాట లేదు గదా భాయ్."

"అవును లే," అన్నాడు భాయ్, మెల్లగా.

అక్క ఆ రోజు వెళ్లిపోయింది. శనివారం ఫోన్ చేసింది. "రేపు రా తమ్ముడూ. వినిపించే పెట్టె తీసుకోని రా."

ఆదివారం చర్చి అయిపోగానే లాప్‌టాప్, ఒక స్పీకరు సంచిలో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. భాయ్‌కి ఆ రోజు మహానందిలో పెళ్లి. సలాం చెప్పమన్నాడు.

రోడ్డు పక్కన వరసగా షెడ్లు. ప్రతి షెడ్డు ముందూ నిలబెట్టిన దేవుళ్లు, కొందరికి ఇంకా ముఖాలు లేవు. కట్టరు మిషన్లు కోస్తూ ఉంటే తెల్లటి దుమ్ము రోడ్డు మీదికి వస్తోంది. వాళ్ల ఇల్లు షెడ్డుకు ఆనుకునే ఉంది. ముందు గదిలో ఇనుప మంచం మీద ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. టేపులో చూసిన మనిషిలో సగం ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో ఒక వస్తువులా పడి ఉంది.

అక్కవాళ్ల అమ్మ మజ్జిగ ఇచ్చి, సంచిలోంచి నేను తీస్తున్న స్పీకరును చూసి అంది: "ఆయన్ను ఏడిపిచ్చేకి నంద్యాల నుంచి వచ్చినావా నాయనా?"

"అమ్మా, నువ్వు ఊరికే ఉండు," అంది అక్క. తండ్రి పక్కన మంచం మీద కూర్చుంది. "నాయనా, భాయ్ తీసిన టేపు ఇది. నీ పని. వింటావా? వద్దంటే ఆపేస్తాం."

ఆయన రెప్ప వేశాడు. అది ఔననడమని అక్క చెప్పాక నేను వీడియో వేశాను.

ఆయన తెర వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత కళ్లు మూసుకున్నాడు. ఏడవలేదు. తన గొంతు వచ్చినప్పుడు కూడా ముఖం కదల్లేదు. ఉలి చప్పుడు మొదలయ్యాక ఎడమ చేతి చూపుడువేలు మంచం పట్టె మీద కదిలింది. దెబ్బకు దెబ్బ. నలిగిన చోటు వచ్చింది. స్పీకరు మూగబోయింది. ఆయన వేలు ఆగలేదు. లేని దెబ్బలను కూడా పట్టె మీద వేసుకుంటూ పోయింది, శబ్దం తిరిగి వచ్చేసరికి సరిగ్గా దాని మీదే ఉంది.

వాళ్లమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

నలభై ఏడో నిమిషం దాటాక ఒక చోట ఆయన వేలు ఆగి, అరచెయ్యి పైకి లేచింది. తెర మీద ఉలి ఇంకో రెండు దెబ్బలు కొట్టి ఆగింది. యాదృచ్ఛికమేమో అనిపించి నేను వెనక్కి జరిపి మళ్లీ వేశాను. అదే చోట అరచెయ్యి లేచింది. మూడోసారీ అంతే. ఆ క్షణాన్ని రాసుకున్నాను. గీతలను పెద్దవి చేసి చూశాను. నా కంటికి ఆ దెబ్బకూ ముందు దెబ్బకూ తేడా లేదు. మైకు చదును చేసిన శబ్దంలో కూడా ఆయనకు అది వినపడుతోంది. పైగా టేపులోని మనిషి కంటే ముందే ఆపేస్తున్నాడు. అప్పటి తన చేతికి ఇప్పుడు నేర్పుతున్నట్టు.

నేను నాలుగోసారి వేయబోతుంటే అక్క చెయ్యి చాచి లాప్‌టాప్ మూత దించింది.

"చాలు తమ్ముడూ. ఆ పక్క పట్టుకో."

"ఏంది?"

"మంచం."

ముగ్గురం కలిసి ఆయన్ను మంచంతో సహా ఎత్తాం. ఏడు నెలలుగా మూసి ఉన్న తలుపు గడియ బిగుసుకుపోయింది. వాళ్లమ్మ రోకలితో కొట్టి తీసింది. షెడ్డులో మూడు అడుగుల విగ్రహం పొట్టి పీఠం మీద నిలబడి ఉంది. ముఖం పూర్తయింది. పెదాల దగ్గర మురళి ఇంకా రాతిలో చిక్కుకుని ఉంది. మంచాన్ని దాని పక్కన దించాం. ఆయన విగ్రహాన్ని పాదాల నుంచి పైకి చూసుకుంటూ వచ్చాడు. ఆవు దగ్గర కాసేపు ఆగాడు. అది అక్క చేసినది. నోటి ఎడమ పక్క కొంచెం సాగింది.

"బాగుండాదంటాండాడు," అంది వాళ్లమ్మ.

"ఆవు మొగం కొంచెం లావయ్యిందంటాండాడు," అంది అక్క. ఆయన భుజాలు కదిలాయి. ఆయన నవ్వడం అలాగే ఉంటుందని నాకు తర్వాత చెప్పారు.

అక్క సన్న ఉలి తీసుకుంది. మొదటి దెబ్బ కొట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. రెండు దెబ్బలయ్యాయో లేదో పక్క షెడ్డులో కట్టరు మిషన్ మొదలైంది. ఆయన ముఖం చిట్లించాడు. వాళ్లమ్మ బయటికి పోయింది.

"ఆపండప్పా మీ మిషిను! ఈడ ఆయన వింటాండాడు!"

"ఎవురు పెద్దమ్మా?"

"ఎవరేందీ? మీ పెద్దనాయన! షెడ్డులో కూచోనుండాడు. బిరీన ఆపు!"

ఆ మిషన్ ఆగింది. దాని పక్కది ఆగింది. మాట ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు పోయినట్టుంది, కాసేపటికి వరసంతా ఆగిపోయింది. అప్పుడప్పుడు పోయే లారీలు తప్ప ఇంకేమీ లేదు. లారీ వచ్చిన ప్రతిసారీ అక్క సుత్తి గాల్లో నిలిపి, అది పోయేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టేది.

ఎంతసేపు గడిచిందో నేను చూసుకోలేదు. ఎప్పుడూ చూసుకునేవాణ్ణే. ఉలి చప్పుడు నిండుగా ఉండి, క్రమంగా మోగడం మొదలుపెట్టింది. ఆ తేడా నాకూ తెలిసింది. చప్పుడు మారినప్పుడల్లా ఆయన వేలు చిన్నగా చూపించేది. కొంచెం పక్కకు. కొంచెం కిందకు. మెల్లగా. అక్క కళ్లు రాతి మీద లేవు, ఆ వేలి మీద ఉన్నాయి. కాసేపటికి వేలి మీద కూడా లేవు. ఆమె కూడా కళ్లు మూసుకుంది.  వేలెడు రాయి, కళ్లు మూసుకున్న మనిషి, చేతిలో ఉలి.

అప్పుడు సుత్తి ఆమె చేతిలో ఆగింది. నేను చటుక్కున ఆయన వైపు చూశాను. అరచెయ్యి పైకి లేచి ఉంది. ఇద్దరిలో ఎవరు ముందు ఆగారో నేను చెప్పలేను. ఆ చివరి దెబ్బ ముందుదానిలాగే వినపడింది నాకు.

"ఇదేనా నాయనా?" అంది, కళ్లు తెరవకుండానే.

ఆయన రెప్ప వేశాడు. ఆమె చూడలేదని గుర్తొచ్చి, గొంతులోంచి ఒక చిన్న శబ్దం చేశాడు. మాట కాదు. కానీ ఔననే.

ఆమె ఉలి పక్కన పెట్టి పొడిని ఊదింది. మురళి కింద సన్నటి సందు. అవతలి గోడ మీది వెలుతురు అందులోంచి కనిపిస్తోంది. ఇంకా రుద్దాలి, నునుపు చేయాలి, వేళ్ల కణుపులు దిద్దాలి. అవన్నీ ఆమెకు వచ్చిన పనులే. ఆమె తండ్రి ఎడమ చేతిని పట్టుకుని ఆ సందు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చిటికెన వేలు మురళి కింద పెట్టి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా జరిపాడు. మళ్లీ వెనక్కి. ఎక్కడా తొందర లేదు. తర్వాత ఆ చేతిని తీసి ఆమె తల మీద పెట్టాడు. ఆమె జుట్టులో ఉన్న దుమ్మును వేళ్లతో దులపసాగాడు.

పక్క షెడ్డు నుంచి ఎవరో కేక వేశారు. "పెద్దమ్మా! ఇంగ మిషిను ఏసుకోమంటావా?"

వాళ్లమ్మ లోపలికి చూసింది. కూతురు కదల్లేదు, ఆయన చెయ్యి ఆగలేదు.

"ఉండప్పా," అంది. "ఇంగ కొంచేపు ఉండు."